ముష్టియోధుని ‘హాయ్’

వాగధిదేవతకు నమస్కరించి, నల నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమి, శుక్రవారం నాడు ఖతర్ దేశంలో నేను కన్నులారా చూచిన ఒక సంగతిని వ్రాయబూనుతున్నాను. మరునాడు సుబ్రహ్మణ్య షష్ఠి. ఉపవాసానికి అమ్మ చేసుకొంటున్న ఏర్పాట్ల వల్ల ఆ తిథి నాకు మరపు రాలేదు. ఇది తీయని జ్ఞాపకం కాదు. ఇన్నేళ్ళకు తలచుకొన్నా నోట వెగటు పుట్టిస్తుంది. అయినా చెప్పవలసినదే.

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఆ సంవత్సరం, మేము దోహాలోని అల్ మన్సూరాలో ఒక మేడమీద అద్దెకుండేవాళ్ళం. చమురు ధర ఆకాశానికి ఎగబ్రాకిన రోజులవి. ఎటు చూచినా పరంజాలు, సిమెంటు ధూళి, ఓడ దిగివచ్చిన కొత్త మనుషులు. జపాను వారు ఊరి వెలుపల ఒక కర్మాగారం కట్టిస్తూంటే, దానికి పనివాళ్ళను సమకూర్చే గుత్తేదారు ఆఫీసులో మా బాబాయి ఉద్యోగి. మాతోనే ఉండేవాడు. అమ్మ నాచేత శబ్దరూపాలు వల్లె వేయిస్తూంటే ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క మాటను విరిచి రెండర్థాలు చెప్పి నవ్వించేవాడు. శ్లేష మీద నాకు కలిగిన మోజుకు ఆయనే గురువు. లోకంలో మా బాబాయిని మించిన చతురుడు లేడని నమ్మేదాన్ని.

ఆ కర్మాగారం పనివాళ్ళ క్యాంపులో పైపులు బిగించే జపాను ఫిట్టరు ఒకాయన ఉండేవాడు. నలుబది దాటిన వయసు. ముక్కుదూలం అణగిపోయి, చెవులు నలిగి గట్టిపడి, ఎడమ కనురెప్ప సగం వాలి ఉండేది. ఒకప్పుడు తన దేశంలో బాక్సింగే వృత్తిగా బ్రతికినవాడని అందరూ చెప్పుకొనేవారు. ఈ మాట గుత్తేదారు చెవిని పడింది. శుక్రవారం సెలవునాడు పనివాళ్ళకు వినోదంగా ఉంటుందని ఆయన ఒక ఆట కల్పించాడు. జపాను మనిషి ఎవరినీ కొట్టరాదు. తప్పించుకోవడం మాత్రమే చేయాలి. అతని ముఖాన దెబ్బ తగిలించినవానికి ఒక ట్రాన్సిస్టరు రేడియో బహుమానం. అంత అవమానకరమైన ఆటకు ఆ ఫిట్టరు కాదనలేదు. పై అధికారి చెప్పిన పనికి కాదనడం ఆయన ఎరుగడు.

బాబాయి నన్ను వెంటబెట్టుకొని వెళ్ళాడు. మేము మైదానం చేరేసరికి క్యాంపు వంటాయన ఎదురు వచ్చాడు. కరీంనగరం జిల్లావాడు, నెరిసిన మీసం, భుజాన తడి తువ్వాలు. జపాను ఫిట్టరూ ఆయనా ఒకే పొయ్యి మీద రెండేళ్ళుగా వండుకొంటున్నారు.

“సారూ, జర ఆపుండ్రి. ఆయనకు ఎడమ కన్ను ఎన్నడో పోయింది. కుడికంట్ల పొర సుత ఊడేటట్టున్నదని డాక్టరు చెప్పిండట. ఇంకో దెబ్బ గట్టిగ తాకితె గుడ్డోడైతడు.”

“ఒప్పుకొన్నవాడు వాడు. మధ్యలో నీకెందుకయ్యా?” అన్నాడు బాబాయి. అని ఊరుకొని ఉంటే ఈ కథ ఇంత రోతగా ఉండేది కాదు. వంటాయన అటు తిరిగిన వెంటనే, గ్లౌజులు తొడుక్కొంటున్న తన మిత్రుని దగ్గరకు పోయి మెల్లగా చెప్పాడు: “ఒరేయ్, ఎడం పక్కనుంచి కొట్టు. అటు కనపడదు వాడికి.” కన్ను కాపాడమని చెప్పిన మాటను పట్టుకొని కన్ను తీసే మర్మం చేసుకొన్నాడు.

మొదట కొంతసేపు ఆ మనిషి చూపిన విద్యను వర్ణించడానికి నాకు మాటలు చాలవు. ఇసుకలో గీచిన గిరి దాటకుండా, నడుము కొంచెం వంచి, తల జానెడు జరిపి, ఒకరి వెనుక ఒకరుగా వచ్చిన ఆరుగురి దెబ్బలనూ గాలికి వదిలాడు. పాదాలు ఇసుకను తాకుతున్నవో లేదో అన్నట్లుండేవి. ప్రతివాడు వచ్చినప్పుడూ పోయినప్పుడూ వంగి నమస్కరించేవాడు. పిమ్మట బాబాయి మిత్రుడు వచ్చాడు. ఎడమప్రక్కకు చేరి కొట్టాడు. ఆ దెబ్బ రావడం ఆయనకు కనబడలేదు. కనుబొమ చిట్లి నెత్తురు చెంప మీదికి జారింది.

గుత్తేదారు మనిషి ఒకడు వంగి అడిగాడు: “పెయిన్?”

“హాయ్,” అన్నాడాయన.

మైదానం విరగబడి నవ్వింది. “అరే, హాయిగున్నదంటున్నడురా! ఇంకోటియ్యి!” అని ఒకడు అరిచాడు. “హాయిట! పాపం, ముచ్చట తీర్చండర్రా!” అని బాబాయి అందరికన్న గట్టిగా అందుకొన్నాడు. మరొకని చేతి రెండవ దెబ్బ పడింది. మళ్ళీ “పెయిన్?” అని అడిగారు. మళ్ళీ “హాయ్”. ఈసారి అడిగినది తెలుసుకోవడానికి కాదు, ఆ మాట మళ్ళీ వినడానికి. ఇక్కడ నేను దాచరాని మాట ఒకటి ఉంది. ఆ శ్లేష నాకూ నచ్చింది. నేనూ చేతులు చరుస్తూ “హాయి! హాయి!” అని కేకలు వేశాను.

మూడవ దెబ్బ పడ్డాక వంటాయన గిరిలోకి నడిచివచ్చి గ్లౌజులు తనకిమ్మన్నాడు. ముసలివాడు కూడ సరదా పడుతున్నాడని జనం ఈలలు వేశారు. తొడుక్కొన్నాడు. కాని చేయి ఎత్తలేదు. జపాను మనిషికి ఎదురుగా నిలిచి, అందరికీ వినబడేటట్లు ఒక్కొక్క ప్రశ్న అడగసాగాడు.

“ఫ్రైడే?”

“హాయ్.”

“నువ్వు, జపాన్?”

“హాయ్.”

వంటాయన తన రొమ్ము మీద చేయి వేసుకొన్నాడు. “నేను, జపాన్?”

నెత్తురు ముఖంతోనే ఆయన తల అడ్డంగా ఊపాడు. “ఈయే.”

“పెయిన్?”

“హాయ్.”

వంటాయన జనం వైపు తిరిగాడు. “సమజైందా? హాయ్ అంటె అవునని. మూడుమాట్ల చెప్పిండు, నొస్తున్నదని. పోనీ, మాట ఎరుకలేదనుకుందాం. నెత్తురు సుత జపాను భాషలనే కారుతున్నదా? మొఖం కానరాలేదా మీకు?”

గుత్తేదారు “ఖలాస్, యల్లా” అని, ఆట ముగిసింది కదలండన్నట్లు చేయి ఊపి, రేడియో ఎవరికీ ఇవ్వకుండా చంకన పెట్టుకొని పోయాడు. కొట్టినవాళ్ళు తల దించుకొని ఒక్కొక్కరే జారుకొన్నారు. వారు ఆ మాటకు అర్థం తెలియక చేసినవారు. వారి మీద నాకు ఇప్పుడు కోపం లేదు. కాని బాబాయి నా చెవి దగ్గర వంగి, ముసిముసిగా నవ్వుతూ అన్న మాట ఉన్నదే: “హాయ్ అంటే అవునని నాకు చేరిన నెలలోనే తెలుసు బంగారూ. చెప్పేస్తే ఇంక మజా ఏముంది?”

ఆయన పల్లీలు నములుతున్నాడు. తడిసిన పల్లీపొట్టు క్రింది పెదవికి అంటుకొని ఉంది. పెద్దయిన తరువాత అలంకారశాస్త్రం చదువుకొన్నాను. బీభత్స రసానికి స్థాయీభావం జుగుప్స అని చెప్పి గురువుగారు క్రుళ్ళిన మాంసాన్నీ, క్రిములనూ ఉదాహరించారు. నా మనసులో మెదిలినది మా బాబాయి పెదవి. దానితోబాటే చేతులు చరుస్తున్న తొమ్మిదేళ్ళ నా రూపం కూడ మెదలకపోలేదు.

నేను ఆయన చేయి విదిలించుకొని వంటసాల వైపు పరుగెత్తాను. అక్కడ బోర్లించిన నూనెడబ్బా మీద ఆ యోధుడు కూర్చుండగా వంటాయన తడిగుడ్డ కంటికి అద్దుతున్నాడు. నన్ను చూచి తిట్టలేదు. “రా బిడ్డా, గీ గిన్నె పట్టుకో,” అన్నాడు. గిన్నె పట్టుకొని నిలుచున్న నాకు వంటాయన ఆ మనిషి కథ చెప్పాడు. సముద్రపుటొడ్డున చేపలు పట్టేవారి ఇంట పుట్టి, పదహారవ యేట ఇల్లు విడిచి పట్నం చేరాడట. పోటీకి ముందు ఒళ్ళు తూకానికి సరిపోవడానికి నీళ్ళు మాని, మంచుముక్క చప్పరించి ఉమ్మివేస్తూ రోజులు గడిపేవాడట. చాలా గెలిచాడు, కొన్ని ఓడాడు. దేశంలో మొదటివాడయ్యే పోటీ ఒకే ఒక్కసారి దొరికింది. ఆనాడు సగం ఆటకే ఎడమకన్ను వాచి మూసుకుపోయింది.

“ఆట నేర్పిన గురువు అడిగిండట, కానొస్తున్నదా అని. ఏమన్నడో ఎరికేనా బిడ్డా? హాయ్ అన్నడట. మూడుసార్లు అడిగితె మూడుసార్లు గదే. ఆట ఆపుతరని బుగులు, భయం. ఓడిపోయిండు, కన్ను వాయె. కన్ను చెడినోన్ని మళ్ళ ఆడనియ్యరట అక్కడ.” గుడ్డ పిండుతూ, “గా గురువు సుత మాటనే ఇన్నడు. మొఖం సూడలె,” అన్నాడు.

ఆ యోధుడు మా మాటలు అర్థం కాక, నా చేతిలోని గిన్నె ఒరిగి నీళ్ళు తొణకడం చూచి, రెండు చేతులతో దానిని అడుగున పట్టి నిలిపాడు.

నేను జీవితమంతా మాటలను నమ్ముకొని, మాటలకు అర్థాలు చెప్పి బ్రతికాను. శ్లేషను విడువలేదు, దాని అందం నేనెరుగుదును. కాని ఒకరి బాధ మీద వేసిన శ్లేష ఎంత చతురమైనదైనా నాకు ఉమ్మివేయవలసిన ఎంగిలిగానే తోస్తుంది. ఎవరైనా “బాగానే ఉన్నాను” అంటే ఆ మాటతో తృప్తిపడి కదలను. ముఖం చూస్తాను. చూచిన తరువాతనే ఆ మాటకు అర్థం నిర్ణయిస్తాను.

నల నామ సంవత్సర మాఘ బహుళ విదియ నాడు ఆ జపాను యోధుణ్ణి స్వదేశానికి పంపివేశారు. వంటాయనే ఆయన చేయి పట్టుకొని విమానాశ్రయం తలుపు దాకా నడిపించాడు. అప్పటికి ఆయన కుడికన్ను కూడ పోయింది.