తెల్ల రొమ్ము డేగ

రెండేళ్లుగా ప్రతి ఆదివారం బైనాక్యులర్ మెడలో వేసుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తున్నాను, సముద్రపు డేగ ఒక్కసారైనా కనబడుతుందేమోనని. ఈ రోజు పైన పెద్ద పక్షి తిరుగుతుంటే "డేగ!" అని గట్టిగా అరిచేశాను. పక్కనే చేపలు కోస్తున్న అప్పలమ్మ తలెత్తి చూసి నవ్వింది.

"అది గద్ద బాబూ. తోక సీలి ఉంది, అవుపడ్నేదా? డేగ అదిగో, ఐస్ ఫ్యాక్టరీ మీద కూకుంది."

చూస్తే నిజమే. తెల్లటి రొమ్ము, బూడిద రంగు రెక్కలు. వెంటనే ఫోటో తీశాను.

"రోజూ వస్తుందా?" అన్నాను.

"రోజూ వత్తాది. సేపల పేగులు ఇసిరితే ఎత్తుకెళ్తాది. నువ్వు దీనికోసవేటి ఇన్నాళ్లూ తిరుగుతన్నావ్? నన్నడగొచ్చు కదా!"

సంతోషించాల్సింది పోయి నాకు కడుపు మండిపోయింది. మెడ నొప్పి పుట్టేలా ఆకాశంలోనే నేను వెతికిన పక్షిని ఆవిడ కత్తిపీట ముందు కూర్చునే రోజూ చూస్తోంది.

ఇంటికొచ్చి మా పక్షుల గ్రూపులో ఫోటో పెట్టి, "ఎట్టకేలకు కనిపెట్టాను" అని రాశాను. సాయంత్రం దాకా అభినందనలు వస్తూనే ఉన్నాయి. అప్పలమ్మ పేరు రాయడానికి మాత్రం అక్కడ చెయ్యి రాలేదు. మీరైతే రాసేవారా? నిజం చెప్పండి.