యిప్ పెదనాన్న, పక్కవాడి కంచం

వీధంతా పెదనాన్న అని పిలిచే యిప్‌కు తన కంచం కంటే పక్కవాడి కంచం మీదే చూపెక్కువ. దొంగచూపు కాదు. కళ్ళజోడు ముక్కు కొసకు దించి, మెడ చాచి, పరీక్ష పేపరు దిద్దే మేష్టారిలా నిదానంగా చూసేవాడు. షావ్‌కీవాన్ పేటలో ట్రాము చివరి స్టాపు పక్కనున్న తోంగ్ వారి కాల్చిన మాంసాల కొట్టులో ఆయన చూపు పడకుండా ఖాళీ అయిన కంచం లేదు.

ఆ కొట్టులో రద్దీ వేళ ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకే బల్ల పంచుకోవడం మామూలే. కానీ యిప్ పెదనాన్న, పక్కన నాలుగు బల్లలు ఖాళీగా ఉన్నా, ఎవరో ఒకరు తింటున్న బల్ల దగ్గరికే వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చునేవాడు. జనం లేకపోతే అసలు లోపలికే వచ్చేవాడు కాదు. అద్దం వెనక వేలాడే బాతుల పక్కన నిలబడి గుర్రప్పందేల పేపరు చదువుకుంటూ, నలుగురూ చేరాక అడుగు పెట్టేవాడు. ఖాళీ కొట్టులో తింటే ఒంటికి పడదనేవాడు.

ఒకసారి టై కట్టుకున్న కుర్రాడొకడు బాతు కాలు సగం తిని పక్కన పెట్టాడు.

"ఏం బాబూ, కాలు ఆపేశావేం?" అన్నాడు పెదనాన్న.

"కడుపు నిండిందండీ."

"నిండితే అన్నం వదులుతారు. బాతు కాలు వదిలేవాణ్ణి నిన్నే చూస్తున్నాను. నిజం చెప్పు, పీచుపీచుగా ఉంది కదూ?"

కుర్రాడు కిందికీ పైకీ చూసి, "అబ్బే, బాగానే ఉందండీ," అన్నాడు.

పెదనాన్న మాంసం కొట్టే మొద్దు వైపు తిరిగి కొట్టంతా వినపడేలా, "షాన్ అమ్మాయ్, ఇవాళ బాతు ఎండిపోయింది. ఎక్కువసేపు కాల్చావు," అని అరిచాడు. కుర్రాడు మిగిలిన కాలు భయభక్తులతో తినేసి వెళ్ళిపోయాడు.

ఇంకోసారి కొత్తగా ప్రేమలో పడ్డ జంట వచ్చి, చాసియు, అంటే తేనె పూసి కాల్చిన పంది మాంసం, తెప్పించుకుంది. ఇద్దరి కోసం వేసిన బల్లకి పెదనాన్న మూడోవాడయ్యాడు. కాసేపు చూసి, "బాబూ, ఈ అమ్మాయి తన చాసియు ముక్కలన్నీ నీ గిన్నెలోకి తోసేస్తోంది, గమనించావా?" అన్నాడు.

"ప్రేమతో పెడుతోందండీ," అన్నాడు అబ్బాయి సిగ్గుపడుతూ.

"ప్రేమ కాదు. తేనె ఎక్కువై వెగటు పుట్టింది."

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, కానీ కాదనలేదు. ఆ జంట తర్వాత వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచే, "ఆయన ఏ బల్ల దగ్గరున్నారు?" అని కనుక్కుని, దానికి దూరంగా కూర్చునేది. పెదనాన్న తన గిన్నె పట్టుకుని వాళ్ళ దగ్గరికే మకాం మార్చేవాడు.

ఈ అరుపులన్నీ పడుతున్నది లాయ్‌షాన్. ఆ కొట్టు వాళ్ళ నాన్న తోంగ్ మేస్త్రిది. ఆయన కాల్చిన పంది తోలు కొరికితే వీధి అవతలికి వినపడేదని చెప్పుకునేవాళ్ళు. ఆయన నడుం పట్టేసి, కొట్టు కూతురికి అప్పగించి, పాన్‌యూలో అన్నగారింటికి చేరి చేపలు పట్టుకుంటున్నాడు. ఫోను చేస్తే చేపల గురించి తప్ప మాట్లాడడు. లాయ్‌షాన్ నాన్న పక్కనే నిలబడి పని నేర్చుకుంది. మసాలా పాళ్ళు ఆమెకు కంఠతా వచ్చు. కానీ పొయ్యి ఇంకా నాన్న మాటే వినేది. ఒకరోజు బాగా కాలేది, ఒకరోజు మొండికేసేది.

అలా మొండికేసిన రోజు పెదనాన్న ఊరుకునేవాడు కాదు. "ఉప్పెక్కువ" అనేవాడు, "తోలు మెత్తబడింది" అనేవాడు, "చాసియు అంచులు మాడలేదు, మాడకపోతే అది చాసియు ఎలా అవుతుంది" అనేవాడు. బాగా కాలిన రోజు మాత్రం ఏమీ అనకుండా అన్నం మీద ఇంకో గరిటె పులుసు పోయించుకుని, తిని వెళ్ళిపోయేవాడు. నోరు తెరిచి ఒక్కసారైనా బాగుందన్న పాపాన పోలేదు.

"మా నాన్ననీ ఇలాగే తిట్టేవారా పెదనాన్నా?" అని అడిగింది ఓసారి లాయ్‌షాన్.

"ఆయన్ని తిట్టే అవసరం రాలేదు."

ఆ మాట లాయ్‌షాన్ గుండెల్లో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ఇంతలో తామ్ కుంగ్ దేవుడి పండుగ దగ్గరపడింది. వాన మీదా అలల మీదా ఆయన మాట చెల్లుతుందని పడవలవాళ్ళకి నమ్మకం. పడవలవాళ్ళ సంఘం ఏటా ఆయనకి ఒక నిండు పందిని బంగారు రంగు వచ్చేలా కాల్పించి నైవేద్యం పెడుతుంది. ఆ పంది తోంగ్ వారి పొయ్యిలోంచే వెళ్ళేది. ఈ ఏడు మాత్రం సంఘం పెద్ద క్వోక్ గారు, "గురువారం వచ్చి రుచి చూస్తాం. తర్వాత చెబుతాం," అని మర్యాదగా కబురు పెట్టాడు. ఆ మర్యాదలోనే లాయ్‌షాన్‌కి అనుమానం వినపడింది. పంది ఇంకో కొట్టు నుంచి ఊరేగింపులోకి వెళ్ళిందంటే, తోంగ్ మేస్త్రి పని ఆయనతోనే పోయిందని వీధంతా చెప్పుకుంటుంది.

"గురువారం లోపల ఈ యిప్ పెదనాన్న చేత ఒక్కసారి బాగుందనిపిస్తే నాకు ధైర్యం వస్తుంది కూన్ అన్నా," అంది.

కూన్ ఆ కొట్టులో చాలా కాలంగా కత్తి పట్టినవాడు. మొద్దు మీద బాతుని ముక్కలు చేస్తూ, "దేవుడి చేత అనిపించడం సులువమ్మా," అన్నాడు.

మంగళవారం ఆకాశం చిల్లుపడినట్టు వాన కురిసింది. అన్నిటికంటే పెద్ద వానకి వేసే నల్లవాన హెచ్చరిక వేశారు. బళ్ళు మూసేశారు, ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. కూన్ రాలేకపోయాడు. లాయ్‌షాన్ మాత్రం గురువారానికి చెయ్యి కుదరాలని తెల్లారే పంది డొక్కకి ఉప్పూ మసాలా రుద్ది పొయ్యిలో వేలాడదీసింది. తోలు బుడగలు పొంగి బంగారంలా వచ్చింది. తినడానికి నరమానవుడు లేడు.

అప్పుడు యిప్ పెదనాన్న తడిసి ముద్దై గుమ్మంలోకి వచ్చి, ఖాళీ బల్లలు చూసి వెనక్కి తిరిగాడు.

"జనం లేరుగా. తగ్గాక వస్తాలే."

"ఈ వానలో ఎక్కడికి కొట్టుకుపోతారు? వచ్చి కూర్చోండి," అంటూ లాయ్‌షాన్ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. తువ్వాలిచ్చింది. వేడి అన్నం మీద పంది ముక్కలు పరిచి ముందు పెట్టి, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

పెదనాన్న తినడం మొదలుపెట్టాడు. కుడివైపు చూశాడు, ఖాళీ. ఎడమవైపు చూశాడు, కడిగి బోర్లించిన గిన్నెలు. మెడ చాచడానికి చోటు లేక ఇబ్బంది పడ్డాడు. అయినా ఒక్కో ముక్కా నములుతూ పులుసు పోయించుకుంటూ తిన్నాడు.

"ఎలా ఉంది పెదనాన్నా?"

ఆయన గోడ మీద క్యాలెండరు చూశాడు. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేసరికి తప్పించుకోలేక, గొంతు సవరించుకుని, "బాగుంది," అన్నాడు.

లాయ్‌షాన్‌కి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆయనకి సూపు పోసింది, ఇంకో గిన్నెడు పోసింది, నాన్నకి ఫోను చేసి చెబుదామని చెయ్యి తుడుచుకుంది. ఆ ఫోనే ముందు మోగింది. అవతల కూన్.

"అమ్మాయ్, చెప్పడం మర్చిపోయాను. పంది డొక్కకి రాత్రే ఉప్పు పట్టించి వెళ్ళాను. నువ్వు మళ్ళీ పట్టించకు."

లాయ్‌షాన్ ఫోను పక్కన పెట్టి మొద్దు మీది ముక్కొకటి నోట్లో వేసుకుంది. వేసుకున్న వేగంతోనే సింకు దగ్గరికి పరుగెత్తింది. సముద్రమంతా ఆ ముక్కలోనే ఉంది. తిరిగొచ్చేసరికి పెదనాన్న ప్రశాంతంగా ఇంకో ముక్క నములుతున్నాడు.

"పెదనాన్నా, అది ఉప్పుగడ్డ. నోట్లో పెట్టుకునేలా లేదు."

"అలాగా?" అన్నాడాయన.

"మీకు తెలియలేదా?"

పెదనాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఎంత తుడిచినా ఆమె అక్కణ్ణించి కదలకపోయేసరికి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకు రుచి పోయి చాలా కాలమైందమ్మా. ముక్కు వెనక కాన్సరొస్తే కరెంటు పెట్టారు కదా. జబ్బు పోయింది, దాంతోపాటు నాలుకా పోయింది. నోట్లో తడి కూడా సరిగ్గా ఊరదు, అందుకే ఈ పులుసులు. నీ చాసియు అయినా తడిపిన అట్టముక్క అయినా నాకొకటే."

"మరి రోజూ ఉప్పెక్కువ, తీపెక్కువ అని నా ప్రాణం తీస్తారే?"

"అవి నా మాటలా? పక్కవాళ్ళవి. ఉప్పెక్కువైతే మనిషి ముద్దకోసారి టీ తాగుతాడు. తీపెక్కువైతే ముక్కలు పక్కవాళ్ళకి పెట్టి మంచివాడవుతాడు. తోలు మెత్తబడితే నోట్లోంచి తీసి ఎముకల కింద దాస్తాడు. ఇన్నేళ్ళు ట్రాము నడిపి అద్దంలో జనం మొహాలు చూసినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా?"

"వాళ్ళే చెప్పొచ్చుగా."

"మన వీధివాళ్ళా? నువ్వడిగితే బ్రహ్మాండం అంటారు. నాన్నగారు కులాసానా అంటారు. రేపట్నుంచి ఎదురుగా నూడుల్స్ కొట్టుకి పోతారు. నువ్వేమో పొయ్యి దగ్గరుంటావు, నీకు వాళ్ళ వీపులే కనిపిస్తాయి. ఎవరో ఒకరు అరవాలి కదా. కోపమొస్తే నా మీద రానీ, కొట్టు మీద రాకూడదు."

లాయ్‌షాన్ మొద్దు మీది ముక్కలన్నీ చెత్తబుట్టలోకి తోసింది. "మరి నాన్నని ఎందుకు తిట్టలేదు?" అంది.

"ఆయనప్పుడు కంచాల్లో ఎముకలు తప్ప ఏం మిగిలేవి? ఈ మధ్య నీ రోజుల్లోనూ కొన్ని అలాంటివే. అందుకేగా ఆ పూట నోరు మూసుకుని పోతున్నాను."

అంటే ఆయన మాట్లాడకుండా వెళ్ళిపోయిన రోజులన్నీ మెచ్చుకున్న రోజులేనన్నమాట. లాయ్‌షాన్ మనసులోనే వాటిని తలుచుకుంది. అనుకున్నదానికంటే చాలానే ఉన్నాయి.

"ఇంకో సంగతి," అన్నాడు పెదనాన్న. "నాలుక ఎప్పుడో ఒకప్పుడు తిరిగిరావచ్చన్నాడు డాక్టరు. వచ్చిన రోజున దానికి చెత్త పంది తగిలిందనుకో, మళ్ళీ పారిపోతుంది. ఆ రోజుకి ఈ కొట్టు ఉండాలి, బాగుండాలి. అంతా నా స్వార్థమే."

లాయ్‌షాన్ పగలబడి నవ్వి, ఆయన ముందునుంచి గిన్నె లాగేసింది.

"ఇంకా రెండు ముక్కలున్నాయి," అన్నాడాయన.

"నాలుక లేకపోయినా బీపీ ఉందిగా. లేవండి, గుడ్డు వేసి పెడతాను."

గురువారం క్వోక్ గారు వచ్చాడు. కొట్టు కిటకిటలాడుతోంది. లాయ్‌షాన్ ఆయన్ని తీసుకెళ్ళి, వేరే బల్ల దగ్గర ఒక స్టూలు ఖాళీగా ఉన్నా, యిప్ పెదనాన్న బల్ల దగ్గరే కూర్చోబెట్టింది. కూన్ కత్తి ఆపి నోరు తెరిచి చూశాడు.

క్వోక్ గారు తింటూ, "అద్భుతం. అచ్చం నాన్నగారి చెయ్యే," అన్నాడు. లాయ్‌షాన్ ఆయన మొహం చూడలేదు, పెదనాన్న మొహం చూసింది. పెదనాన్న కళ్ళజోడు కిందికి దిగింది.

"తోలు," అన్నాడాయన.

"లేదు లేదు, తోలు భేషుగ్గా ఉంది," అన్నాడు క్వోక్ గారు.

"మరి ఆ ఎముకల కింద ఉన్నదేమిటి?" అంటూ పెదనాన్న చాప్‌స్టిక్కుతో ఆయన ఎముకను కొంచెం పైకెత్తాడు. కింద మెత్తబడ్డ తోలు ముక్కలు బుద్ధిగా పడుకుని ఉన్నాయి. క్వోక్ గారి చెవులు ఎర్రబడ్డాయి.

వారం కిందటైతే లాయ్‌షాన్ అక్కడే భూమిలోకి కుంగిపోయేది. ఇవాళ కంచం చేతిలోకి తీసుకుని, "వాన తేమ ఇంకా వదల్లేదండీ. ఈ పూటకి కొంచెం ఓపిక పట్టండి," అంది. మిగిలిన డొక్కని మంట పెంచి మళ్ళీ వేలాడదీసింది. చెమటలు కారుతున్నా పొయ్యి ముందునుంచి కదల్లేదు. తోలు చిటపటమని, ఆ చిటపట ఆగి, గట్టిపడ్డాక దించింది.

రెండో కంచం వచ్చింది. క్వోక్ గారు కొరికాడు. ఆ చప్పుడుకి పక్క బల్లవాళ్ళు తలెత్తారు. ఈసారి ఆయన అద్భుతం అనలేదు. అసలేమీ అనలేదు, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా తిన్నాడు. చివరి ముక్కని మర్యాదస్తుడెవడూ ముట్టుకోడు. క్వోక్ గారు అటూ ఇటూ చూసి, దాన్నీ నోట్లో వేసుకున్నాడు. యిప్ పెదనాన్న కళ్ళజోడు పైకి తోసుకుని, ఇంకో గరిటె పులుసు అడిగాడు.

"పంది," అన్నాడు క్వోక్ గారు మూతి తుడుచుకుంటూ, "నిరుటిదానికంటే పెద్దది కావాలమ్మా. నిరుడు దేవుడి ముందునుంచి తీశాక మా వాళ్ళకి చాలలేదు."

పండుగ రోజున బంగారు రంగు పంది, కళ్ళల్లో ఎర్రటి చెర్రీపళ్ళతో, డప్పుల మధ్య గుడికి వెళ్ళింది. దేవుడి ముందు పెట్టాక సంఘంవాళ్ళు దాన్ని కోసి అందరికీ పంచి, ఆనవాయితీగా కొట్టువాళ్ళ వాటా కొట్టుకి పంపారు. జనమంతా ఊరేగింపులో ఉన్నారు. కొట్టు ఖాళీ. అయినా యిప్ పెదనాన్న ఎందుకో లోపలికి వచ్చి కూర్చున్నాడు.

లాయ్‌షాన్ ఎప్పుడూ వంటగదిలో నిలబడే తినేది. ఆ పూట మాత్రం ఆ వాటా రెండు కంచాల్లో పెట్టుకొచ్చి, ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. పెదనాన్న తన కంచంలోని మంచి ముక్కని ఏరి ఆమె కంచంలో వేశాడు.

"నువ్వు తిను. నేను చూస్తాను."

లాయ్‌షాన్ తోలు కొరికింది. వేళ్ళకంటిన కొవ్వు నాకింది. ఇంకో ముక్క తీసుకుంది. పెదనాన్న మెడ చాచి, చిన్నపిల్లాడిలా నోరు కొంచెం తెరిచి చూస్తున్నాడు.

"నెమ్మదిగా తినమ్మా," అన్నాడు. "రుచి బాగా తెలుస్తోంది."