నర్సమ్మ బండి మీద పసుపు లైటు

మెకానిక్కుల వీధిలో ఆయన్ని అందరూ నిదానం మేస్త్రి అనేవారు. ఎవరు ఎంత హడావుడిగా వచ్చినా ముందు "నిదానం, నిదానం" అని స్టూలు చూపించి కూర్చోబెట్టేవాడు. అవతలివాడు తిట్టుకున్నా నవ్వుకున్నా ఆయనకు పట్టేది కాదు. మోటారు సైకిలు బ్రేకులు తప్ప వేరే పని ముట్టుకునేవాడు కాదు. ఆయన చెయ్యి పడిన బండికి బ్రేకు పట్టలేదన్న మాట ఆ చుట్టుపక్కల ఎవరి నోటా వినలేదు. ఆ పేరు నిలబెట్టుకోవడం కోసమే బతికాడంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

ఎదురు కొట్టు ఆయన తోడల్లుడిది. టైర్లు విప్పడం, అతుకులు వెయ్యడం, గాలి పట్టడం అతని పని. వీధి మొత్తానికి అతను గాలి బాబాయి. నోరు తెరిస్తే పరాచికాలు. ఆడవాళ్ళు బండి తెస్తే "ఏమ్మా, టైరుకి అలకొచ్చిందా?" అనేవాడు. మనిషి బంగారమే కానీ, ఈమధ్య అతని కుడి కన్ను మసకబారింది. ఆ సంగతి అతని భార్యకు తెలుసు, ఆవిడ అక్క అయిన మేస్త్రి భార్యకు తెలుసు, మేస్త్రికి తెలుసు. కన్ను పోయిందని బయటికి పొక్కితే చక్రం విప్పమని ఇచ్చే నాథుడు ఉండడు. అందుకని అందరూ నోళ్ళు కుట్టుకున్నారు.

నోరు కుట్టుకోవడం ఆ వీధికి కొత్తేమీ కాదు. అక్కడొక కట్టుబాటు ఉంది. టైర్లవాడు టైర్లే చూడాలి, వైరింగువాడు వైరింగే చూడాలి. ఒకడి పని మీద ఇంకొకడు నోరు చేసుకోకూడదు. పక్క కొట్టువాడు పాడుచేసిన బండి నీ దగ్గరికొస్తే గుట్టుగా బాగుచేసి పంపాలి, యజమాని అడిగితే "దుమ్ము పట్టిందండీ" అనాలి. ఎప్పుడో ఇద్దరు మేస్త్రీలు రెంచీలతో తలలు పగలగొట్టుకున్నాక పెద్దవాళ్ళు కూర్చుని పెట్టుకున్న మాట. మంచికే పెట్టుకున్నారు, కాదనను. కానీ ఆ వీధిలో దుమ్ము మీద పడినన్ని నిందలు ఏ పాపాత్ముడి మీదా పడి ఉండవు.

ఒకరోజు పొద్దున నర్సమ్మ బండి తోసుకుంటూ మేస్త్రి కొట్టుకి వచ్చింది. ఆవిడ ఆసుపత్రి తరఫున మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు తిరిగి సూదులు వేస్తుంది, కట్లు మారుస్తుంది. మేస్త్రి భార్యకు షుగరు పుండుతో కాలు నేల మీద ఆనదు. ఆ కాలికి కట్టు కట్టేది కూడా నర్సమ్మే. పుండు కంపు కొడుతున్నా మొహం చిట్లించకుండా, "అక్కా, నీ కాలు నాకంటే తెల్లగా అవుతోంది" అని నవ్వించి మరీ కట్టేది. వారంలో మేస్త్రి ఇంట్లో నవ్వు వినపడేది ఆవిడ వచ్చినప్పుడే.

"మేస్త్రిగారూ, ముందు చక్రంలో మేకు దిగితే నిన్న ఎదురుగా బాబాయి దగ్గర అతుకు వేయించా. అప్పట్నుంచీ ఈ పసుపు లైటు ఆరట్లేదు. చూడండి."

"బండి కదలగానే ఆరాలే తల్లీ."

"అదేగా నేను చెప్పేది! ఊరంతా తిరిగినా ఆరట్లేదు. బ్రేకు మాత్రం బాగానే పడుతోంది. వదిలేద్దామా అంటే భయం. వాన రోజులాయె."

"నిదానం. కూర్చో" అన్నాడు మేస్త్రి.

ఆ పసుపు లైటు ఏమిటో ఒక్క ముక్కలో చెప్తాను. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు చక్రం బిగుసుకుని బండి జారిపోకుండా, బ్రేకుని కాస్త వదులుతూ మళ్ళీ పడుతూ ఉండే ఏర్పాటు ఒకటి కొత్త బండ్లలో ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో దానికి తెలియాలి కదా. అందుకు చక్రానికి పళ్ళున్న పలచటి రింగు బిగిస్తారు, పక్కనే ఆ పళ్ళను లెక్కపెట్టే సెన్సరు ఉంటుంది. లెక్క కుదరకపోతే ఆ ఏర్పాటు తనంతట తాను పక్కకు తప్పుకుని లైటు వెలిగిస్తుంది. "నన్ను నమ్ముకోకు, మామూలు బ్రేకుతో నడుపుకో" అని చెప్పడమన్నమాట. అంటే లైటు వెలిగినంతసేపూ పాతకాలం బ్రేకు ఎలాగూ ఉంటుంది.

మేస్త్రి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. బ్రేకు ఆయిలు సరిగ్గా ఉంది. ప్యాడ్లు అరగలేదు. సెన్సరు వైరు ఎక్కడా నలగలేదు, తెగలేదు. సెన్సరు మొన తుడిచాడు, లైటు ఆరలేదు. ముందు చక్రాన్ని పైకి లేపి వేలితో తిప్పుతూ కళ్ళు దగ్గరగా పెట్టాడు. రింగు ఒకచోట లోపలికి వంగి ఉంది. రెండు పళ్ళు పక్కకు ఒరిగాయి. వాటి పక్కనే తాజా గీత, ఇంకా మెరుస్తోంది. టైరు విప్పేటప్పుడు ఇనపరాడ్డు జారి తగిలిన దెబ్బ. కన్ను సరిగ్గా ఉన్నవాడు ఆ చోట రాడ్డు పెట్టడు.

తలెత్తి చూశాడు. ఎదురు కొట్టులో గాలి బాబాయి ఎవరితోనో పెద్దగా నవ్వుతున్నాడు.

కొత్త రింగు వేస్తే పీడా పోయేది. కానీ స్పేర్ల కొట్టులో రింగు అడిగితే "ఎవరు వంచారు?" అంటారు, సాయంత్రానికి వీధంతా కూస్తుంది. నర్సమ్మ కూడా అడుగుతుంది. ఆవిడ వెళ్ళని ఇల్లు లేదు. మరదలి కొంప తన చేత్తోనే ముంచినట్టవుతుందని మేస్త్రికి మనసొప్పలేదు. ప్లయరు తీసుకుని ఆ రెండు పళ్ళనూ నెమ్మదిగా సరిచేశాడు. కంటికి బాగానే కనిపించాయి.

బండి వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. లైటు ఆరింది. మలుపు దగ్గర వేగం తగ్గించి బ్రేకు నొక్కినప్పుడు మాత్రం లివరు వేళ్ళ కింద ఒక్కసారి వణికింది. అది ఏమిటో ఆయనకు తెలియదా? తెలుసు. వంకర రింగు నెమ్మదిగా తిరిగేటప్పుడే లెక్క తప్పుతుంది. ఆగుతున్న చక్రాన్ని జారుతున్నదనుకుని ఆ ఏర్పాటు బ్రేకు వదిలేస్తుంది. వెనకటికి ఒక బండిలో స్వయంగా చూశాడు. అయినా రోడ్డు మీద గుంతలెక్కువ, దానివల్లే అని తనకు తాను చెప్పుకున్నాడు. మనిషికి తనని తాను నమ్మించుకోవడమంత తేలిక పని ఇంకొకటి లేదు కదా!

"ఏమయిందండీ?" అంది నర్సమ్మ.

"ఏం లేదమ్మా, దుమ్ము పట్టింది."

"అంతేనా! నేనింకా ఏమో అనుకున్నా. మీ చెయ్యి పడితే ఇంక చూసుకోనక్కర్లేదు."

"నిదానంగా వెళ్ళమ్మా" అన్నాడు మేస్త్రి. ఆ బండి మీద నిదానంగా వెళ్ళడమే ప్రమాదమని ఆ వీధిలో తెలిసినవాడు ఆయనొక్కడే.

వానలు పడ్డాయి. నర్సమ్మ రెండుసార్లు వచ్చి మేస్త్రి భార్యకు కట్టు కట్టి వెళ్ళింది. మూడోసారి రాలేదు. ఆసుపత్రి దిగువన వాలు రోడ్డు చివర ఇనుము వేసుకున్న లారీ ఆగి ఉంది. నర్సమ్మ నెమ్మదిగానే దిగింది, ముందుగానే బ్రేకు వేసింది. లివరు చేతి కింద గిలగిల కొట్టుకుంది, బండి మాత్రం ఆగలేదు. అందరూ చూస్తుండగా, పరిగెత్తే మనిషి వేగం కూడా లేని బండి, వెళ్ళి లారీ కిందికి దూరింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి మాత్రం మోచేతి కింద తీసేశారు.

కబురు వచ్చేసరికి మేస్త్రి అన్నం తింటున్నాడు. భార్య మంచం మీద నుంచి "అయ్యో, దాని చెయ్యి! ఆ బంగారం లాంటి చెయ్యి!" అని తల బాదుకుంటుంటే లేచి దొడ్లోకి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు పోయాక నర్సమ్మ భర్త విరిగిన బండిని ట్రాలీలో తీసుకొచ్చి దింపాడు. బడిలో అటెండరు, మాట మెత్తన. "పోలీసులు చూసి బ్రేకులు బాగానే ఉన్నాయన్నారండీ. చూసినవాళ్ళు కూడా తనే కంగారుపడి బ్రేకు వదిలేసిందంటున్నారు. తనేమో 'వేశాను, అదే వదిలేసింది' అని ఒకటే ఏడుపు. మీరొకసారి చూసి చెప్పండి. మీరు చెప్తే అది నమ్ముతుంది."

మేస్త్రి అతని మొహం చూడకుండా బండి వైపు తిరిగాడు. "చూస్తాను. వదిలి వెళ్ళండి" అన్నాడు.

చూడ్డానికేముంది? సరిచేసిన రెండు పళ్ళలో ఒకటి మళ్ళీ ఒరిగింది, ఇంకొకటి మొదలంటా విరిగిపోయింది. ఆయన చక్రం ముందు గొంతుకూర్చుని ఉంటే నేల మీద నీడ పడింది. గాలి బాబాయి. ఎప్పుడూ పరాచికాలాడే మనిషి ఆ రోజు ఒక్క జోకూ లేకుండా పక్కన చతికిలబడ్డాడు. చూపు ఆనక వేలితో రింగు తడుముకుంటూ వెళ్ళి ఆ గీత దగ్గర ఆగాడు.

"అన్నయ్యా, ఇది నా రాడ్డు దెబ్బేనా?"

మేస్త్రి తలూపాడు.

"నీకప్పుడే తెలుసా?"

"నీ కొట్టు మూతపడుతుందని ఊరుకున్నానురా. మన వీధి మాట కూడా..."

"వీధి తగలబడ! నాతో చెప్పడానికేమొచ్చింది నీకు? ఎవరికీ చెప్పకపోతివి, నాతో చెప్పొచ్చుగా! కాళ్ళు పట్టుకుని నేనే చెప్పుకునేవాణ్ణి ఆ తల్లితో. కొత్త రింగు నేనే వేయించేవాణ్ణి. కన్ను పోయింది నాకు, నోరు కాదు."  "ఆ పిల్ల చెయ్యి నేను తీసేశాను అన్నయ్యా."

"నువ్వు కాదురా. నువ్వు వంచిన రింగుకి లైటు వెలిగింది, బ్రేకు పడింది. ఆ లైటు ఆర్పింది నేను."

గాలి బాబాయి ఆ గీతని మళ్ళీ ఒకసారి తడిమి చూశాడు. తర్వాత మొహం తుడుచుకుని లేచాడు. "పద, ఇద్దరం వెళ్ళి చెప్పేద్దాం. కొట్టినా పడదాం."

"నువ్వుండు. నేను వెళ్ళి చెప్తా. చెప్పాల్సింది నేను" అన్నాడు మేస్త్రి. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు. చొక్కా మార్చుకుని, దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడగట్టుకుంటూ ఆసుపత్రికి నడిచాడు.

నర్సమ్మ మంచం కిటికీ పక్కన ఉంది. కట్టు కట్టిన చేతి మొదలు దిండు మీద పెట్టుకుని, ఎడమ చేత్తో చెంచా పట్టుకోవడం నేర్చుకుంటోంది. దుప్పటి మీద అంతా మజ్జిగ ఒలికింది. భర్త తుడుస్తున్నాడు. మేస్త్రిని చూడగానే అతను "బండి చూశారాండీ?" అని లేచి నిలబడ్డాడు.

"చూశానండీ. అదే చెప్దామని..."

"వద్దు మేస్త్రిగారూ, నన్ను చెప్పనివ్వండి ముందు" అంది నర్సమ్మ. చెంచా పక్కన పెట్టింది. "నాలుగు రోజులుగా మిమ్మల్ని నోటికొచ్చినట్టు అన్నాను. మేస్త్రే ఏదో పాడుచేశాడని ఈయనతో కూడా అన్నాను. పోలీసులు చూశారు, అంతమంది కళ్ళారా చూశారు. ఇన్ని కళ్ళు తప్పా? నా చెయ్యే తప్పు. కంగారులో వదిలేసి ఉంటాను. ఇప్పుడు ఆలోచిస్తే నాకూ అలాగే అనిపిస్తోంది. మీలాంటివారి మీద నింద వేశాను. పాపం తగులుతుంది నాకు. క్షమించండి."

మేస్త్రి నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. ఒక్క మాట! ఆవిడ చెయ్యి ఎలాగూ రాదు, కనీసం ఆ చెయ్యి తప్పు చెయ్యలేదన్న మాటైనా ఆవిడకు దక్కేది. ఆవిడ అంతలోనే "అక్క కాలికి కట్టు ఎవరు కడుతున్నారండీ? రెండు రోజులకొకసారి మార్చకపోతే మళ్ళీ చీము పడుతుంది" అంది.

"పర్లేదులేమ్మా" అన్నాడు మేస్త్రి. "కంగారులో ఎవరికైనా జరుగుతుంది."

నర్సమ్మ కళ్ళు మూసుకుంది. "చూశావా" అని భర్తతో అంది, "మేస్త్రిగారు కూడా అదే అంటున్నారు." ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, ఆ రోజే కాదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

ఛీ, ఏం మనిషండీ! అంత చేసి, ఆవిడ చేత క్షమాపణ చెప్పించుకుని, పైగా క్షమించి వచ్చాడు.

తిరిగి వచ్చేసరికి గాలి బాబాయి కొట్టు తెరవకుండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మేస్త్రిని చూసి గబుక్కున లేచాడు.

"చెప్పావా అన్నయ్యా?"

"చెప్పాను."

"ఏమంది?"

మేస్త్రి కొట్టు తలుపు గొళ్ళెం తీస్తూ, వెనక్కి తిరక్కుండా అన్నాడు: "ఏమంటుంది? ఎవరికైనా జరుగుతుంది, పర్లేదు అంది."

గాలి బాబాయి రెండు చేతులూ జోడించి, ఆసుపత్రి ఉన్న వైపుకి తిరిగి నడివీధిలో నిలబడి దండం పెట్టాడు.