లాకు కూర్చున్న చప్పుడు

ఆ బజారులో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. స్టెతస్కోపు మేస్త్రీ అంటే చాలు, రేకుల షెడ్డు దాకా దారి చూపిస్తారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజనుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని బండి రోగం చెప్పేసేవాడు. "ఏ బండీ నా చెవిలో పువ్వులు పెట్టలేదు" అని గొప్పలు పోయేవాడు. ఆ గొప్ప ఉత్తిదేమీ కాదు. ఈ మధ్యే ఆ చెవులు మొండికేశాయి. భార్య పిలిచి పిలిచి విసుక్కుంటే పరధ్యానంలో ఉన్నానంటాడు. షెడ్డులో మాత్రం స్క్రూడ్రైవరు ఎప్పటిలాగే చెవికి పెట్టుకుని, ఎప్పటిలాగే తల ఊపుతాడు. వినే నటన బాగా ఒంటబట్టింది.

మట్టిదారుల్లో పందేలకి తిప్పే, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే చిన్న టూస్ట్రోక్ బండిని మేనకోడలు తోసుకుంటూ తెచ్చింది.

"మామయ్యా, కిక్ కొడితే కాలికి బరువే తగలట్లేదు. ఎత్తెక్కమంటే ఏడుస్తోంది. పోటీలు దగ్గరకొచ్చేశాయి."

ఇంజను విప్పితే పిస్టన్ నిండా గీతలు, రింగులు కాగితంలా పలచబడ్డాయి. సిలిండరు లోపలి గోడని నున్నగా కోయించి, అంటే బోరు చేయించి, కొత్త పిస్టన్ తెప్పించాడు. పిస్టన్‌ని రాడ్డుకి పట్టి ఉంచేది ఒక పిన్ను. అది పక్కకి జారకుండా రెండు వైపులా గాడిలో సన్నని తీగ లాకులు పెడతారు. లాకు సరిగ్గా కూర్చుంటే టిక్‌మంటుంది. మిగతా మేస్త్రీలు దాన్ని వేలితో కదిపి, వెలుతురులో చూసుకుంటే గానీ నమ్మరు. ఆయనకి ఆ టిక్కే సాక్ష్యం. మొదటి లాకు పెట్టాడు, చప్పుడు వినపడలేదు. రెండోదీ అంతే. రెండూ వినపడలేదంటే తప్పు చెవిదే గానీ లాకుది కాదని సర్దిచెప్పుకున్నాడు. కదిపి చూద్దామంటే, కొత్తగా పని నేర్చుకునేవాడిలా కనిపిస్తానని అభిమానం అడ్డొచ్చింది.

బండి స్టార్ట్ కాగానే మేనకోడలు మొహం చిట్లించింది.

"ఏదో గీరుకుంటున్నట్టు లేదూ?"

ఆయన స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. ఉత్త హోరు.

"కొత్త రింగులమ్మా. నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటాయి."

ఆ పిల్ల తన చెవుల కంటే ఆయన చెవుల్నే నమ్మింది.

పోటీలకి సాధన చేస్తూ గుట్ట ఎక్కుతుండగా ఇంజను పట్టేసి, బండి ఉన్నపళాన ఆగిపోయింది. ఆమె ఎగిరిపడింది. కుడిచెయ్యి విరిగింది, పోటీలూ పోయాయి.

కట్టుతోనే షెడ్డుకి వచ్చి, తల వంచుకుని నిలబడింది. "పెట్రోల్లో ఆయిల్ తక్కువ కలిపినట్టున్నాను మామయ్యా. నువ్వంత బాగా చేసిన పని నాశనం చేశాను."

అప్పటికే ఆయన సిలిండరు విప్పి చూశాడు. పిన్ను బయటికి జరిగి కొత్త బోరుని నిలువునా చీరేసింది. విరిగిన లాకు ముక్క ఆయన గుప్పెట్లోనే ఉంది. నిజం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"పోనీలే, ఈసారి కొలిచి పొయ్యి" అన్నాడు.

"అలాగే మామయ్యా" అని ఆమె బుద్ధిగా తలూపింది. సిగ్గుతో చచ్చినంత పనైంది ఆయనకి. ఇంటికెళితే అన్నం సయించలేదు. అక్క ఫోన్ చేసి "దాన్ని బాగా చీవాట్లు పెట్టాన్రా" అంది. అక్కది పెద్ద గొంతు, ప్రతి మాటా వినపడింది.

మళ్ళీ సిలిండరు, పిస్టన్ వచ్చాయి. మేనకోడలు పక్కనే కూర్చుని ఎడమచేత్తో బోల్టులు తుడుస్తోంది. తను పాడుచేసిన బండికి తన వంతు సేవన్నమాట. ఆయన లాకుని చేతిలోకి తీసుకున్నాడు. వేలితో కదిపి చూసుకుంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేదీ కాదు. కానీ ఆ బోల్టులు తుడవడం ఆయన ఇక చూడలేకపోయాడు.

"అమ్మలూ, ఇలా రా. ఇది టిక్‌మంటుందో లేదో విను."

"నేనెందుకు? నువ్వున్నావుగా."

"నాకు వినపడదు. మొన్నా వినపడలేదు. ఆయిల్ నువ్వు సరిగ్గానే కలిపావు."

జేబులోంచి విరిగిన ముక్క తీసి బెంచీ మీద పెట్టాడు. ఆమె దాన్ని చూసింది, తన కట్టుని చూసుకుంది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె లేచి వచ్చి, పిస్టన్ పక్కన చెవి పెట్టింది. ఆయన లాకు నొక్కాడు.

ఆమె ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు కనబడేలా, నిదానంగా చెప్పింది.

"మళ్ళీ తియ్యి మామయ్యా. టిక్‌మనలేదు."

ఆయన కళ్ళు దించుకుని లాకు బయటికి తీశాడు.