తడి మచ్చ మీద తీసిన రీడింగ్

హైటెక్ సిటీలో మా టీమ్ పనేమిటో చెబితే ఎవరైనా నవ్వుతారు. పచ్చిక మేసే పశువులు మూత్రం పోసినచోట, మట్టిలోంచి ఎంత అమోనియా గాలిలో కలుస్తుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ రాస్తాం. "ఇంజనీరింగ్ చదివి ఆవుల ఉచ్చ లెక్కపెడుతున్నావా తల్లీ!" అని మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. పైకి నవ్వేసేదాన్ని గానీ లోపల ఉడుక్కునేదాన్ని.

ఆ ఉడుకుమోత్తనమే కొంప ముంచింది. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక బిల్డరుగారి ఖాళీ జాగాలో ఒకావిడ గేదెల్ని మేపుకునేది. గేటు తాళం మా అసోసియేషన్ చేతిలో ఉండేది. వాసనొస్తోందని కొందరు గొణుగుతుంటే, తగుదునమ్మా అని ఆఫీసులోని అమోనియా మీటరు పట్టుకుని నేను దిగాను. ముందురోజు గేదె మూత్రం పోసిన తడి మచ్చ మీద మీటరు డబ్బా బోర్లించి, మిట్టమధ్యాహ్నం ఎండలో రీడింగ్ తీశాను. అక్కడైతేనే అంకె పెద్దదిగా వస్తుంది. నాలుగడుగులు పక్కకు జరిగితే దాదాపు ఏమీ ఉండదు. అందుకే మోడల్లో, మొత్తం నేలలో మచ్చలెంత భాగమో చూసి ఆ అంకెను తగ్గిస్తాం. మా పనిలో అది ఓనమాలతో సమానం.

ఆ సాయంత్రం అసోసియేషన్ మీటింగులో అంకె చెప్పాను. తగ్గించకుండానే.

"అమ్మో, జాగా అంతా ఇలాగే ఉందన్నమాట! మన బిల్డింగులో సైంటిస్టున్నారని తెలీనే తెలీదండీ" అన్నారు ప్రెసిడెంటుగారు. అందరూ నావైపు తిరిగారు. కాదండీ, అది ఒక్క మచ్చ మీదిదే అనాలి. అనలేదు. అబ్బ, ఎంత హాయిగా ఉందో ఆ క్షణం! తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మర్నాడే గేటుకు తాళం పడింది.

ఆ వారంలోనే గేదెలావిడ మా తలుపు తట్టింది.

"మేడమ్, మీరు ఆఫీసుల గివే చూస్తరంట గదా. మా బర్రెలతోని గాలి ఖరాబైతున్నదని ఎవరో చెప్పిన్రంట. ఇంకో జాగ యాడ దొరుకుతది? బర్రెల అమ్ముకోవాల్నా? జర మీరొచ్చి చెప్పుర్రి."

ఆ ఎవరో నేనేనన్న మాట దాటేసి చెప్పులేసుకున్నాను. "పదమ్మా" అన్నాను.

ప్రెసిడెంటుగారి గుమ్మంలో నిలబడి మచ్చ సంగతీ, మిగతా నేల సంగతీ గడగడా చెప్పేశాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"భలేవారండీ! మీ లెక్క చూసే కదా తాళం వేశాం. బిల్డరుగారికి కూడా అదే పంపాం. ఆయన గోడ కట్టించేస్తున్నారు. ఇప్పుడు మీరే కాదంటే ఎలా?"

ఆవిడ నావైపు తిరిగింది.

"గా లెక్క మీరు చెప్పిందేనా?"

"ఔనమ్మా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు తిట్టినా బాగుండేది. కొంగుతో మొహం తుడుచుకుని, నెమ్మదిగానే అడిగింది.

"మరి గా మాట ఇంటికాడ్నే చెప్పక, నన్నెందుకు ఈడిదాంక తోల్కొచ్చినవ్?"