జట్టంతా తాగిన కషాయం

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులో మగవాళ్లకు రాకూడని జబ్బు ఒకటే ఉండేది, భయం. దగ్గొస్తే చెప్పుకునేవారు, నడుం పట్టేస్తే లైనంతా వినేలా మూలిగేవారు. భయమేస్తోందని మాత్రం ఏ బొగ్గుబాయి కార్మికుడూ నోరు తెరిచి అనేవాడు కాదు. అలాంటి చోట ఆ మాట మొదట అన్నవాడు మా బాపు. అనిపించింది ఆయన్ను కన్న తల్లి, మా అవ్వ. బడి నన్ను నాలుగో తరగతిలోనే వద్దనుకుంది, నేనూ దాన్ని పెద్దగా బతిమాలలేదు. అందుకని నా చదువంతా ఆ ముసలమ్మ దగ్గరే సాగింది.

ఒక ఎండాకాలం బాయి లోపల మా బాపు కూర్చున్నచోట బండ కూలింది. నీళ్లు తాగుదామని అప్పుడే లేచి పక్కకు వెళ్లాడు కాబట్టి బతికాడు. జట్టులో ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంటికొచ్చి నవ్వుతూనే ఆ సంగతి చెప్పాడు, అన్నం కూడా తిన్నాడు. మర్నాడు డ్యూటీకి బూట్లు తొడుక్కోబోతే ఎంతసేపు పెనుగులాడినా లేసులు ముడిపడలేదు. ఆ తర్వాత బూట్ల జోలికే పోలేదు. గిన్నె కింద పడితే ఉలిక్కిపడేవాడు. లోపల పడుకుంటే పైన పెంకులు కనిపిస్తాయని వాకిట్లో మంచం వేసుకున్నాడు. మాట తగ్గింది, తిండి తగ్గింది. ఎవరన్నా అడిగితే "పాణం బాగలేదు" అనేవాడు, అంతే.

దవాఖానలో నిద్రకు గోళీలిచ్చారు. "పిచ్చోళ్ల గోళీలు నాకెందుకు" అని వాటిని గూట్లో పడేశాడు. పక్కింటివాళ్లు గాలి సోకిందన్నారు. బాయిలో జట్టుకు పని చూపించే పెద్దను సర్దార్ అనేవాళ్లు. ఇట్లాగే రాకుండా ఉంటే పేరు తీసేస్తారని ఆయన కబురు పంపాడు. పేరు పోతే నౌకరీ పోతుంది, నౌకరీతోపాటు మేముండే క్వార్టరూ పోతుంది. మా అమ్మ అప్పటికే సామాన్ల వంక అదోలా చూడటం మొదలుపెట్టింది.

అవ్వ మాత్రం "బండ పక్కకు పడ్డది గని, దాని సప్పుడు వీని లోపలనే ఉండిపోయింది" అంది. గోదావరి ఒడ్డున చెమ్మ నేలలో సరస్వతాకు కోసుకొచ్చి, మిరియాలు దంచి వేసి కషాయం కాచింది. దిగులుకూ నిద్ర పట్టకపోవడానికీ అదే మందని వాళ్ల ఊళ్లో నమ్మకం. దాని చేదు గురించి ఏం చెప్పను, వాసనకే మా పిల్లి రెండిళ్లు దాటి కూర్చునేది. బాపు గ్లాసు అందుకుని, అవ్వ అటు తిరగ్గానే వాకిట్లోని బంతిచెట్టు మొదట్లో పోసేవాడు. ఆ చెట్టు మాత్రం ఏ దిగులూ లేకుండా ఏపుగా పెరిగింది. అవ్వ చెట్టును చూసింది, కొడుకును చూసింది.

ప్లేడే వచ్చింది. వారపు సెలవును మా దగ్గర అట్లాగే అంటారు. ఆ పొద్దున అవ్వ బాపు జట్టువాళ్లందర్నీ పిలిపించింది. పెద్ద గంజులో ఏదో ఉందని తెలిసి, కల్లు కాబోలనుకుని వాళ్లు సంబరంగా వచ్చి కూర్చున్నారు.

"ఈ మందు ఒక్కడు తాగితే పనిచెయ్యది. ఆ దినం బాయిల ఉన్నోళ్లందరు తాగాలె" అంటూ అవ్వ అందరి చేతుల్లో గ్లాసులు పెట్టింది.

జట్టులో ఒక భారీ మనిషి ఉండేవాడు. పైకప్పుకు ఆసరాగా పెట్టే దుంగల్ని ఒక్కడే భుజానికెత్తుకునేవాడు. మొదటి గుక్కకే అతని ముఖం ముడుచుకుపోయింది.

"ఏందవ్వా గిది, మమ్ముల సంపుతవా?"

"బండకే సావనోనివి, ఆకుకు సస్తవారా? తాగు."

అందరూ నవ్వారు, మా బాపు తప్ప. ఆ భారీ మనిషి గ్లాసులోకి చూస్తూ, "అవ్వా, గిది తాగితే నిద్ర పడ్తదా?" అని మెల్లగా అడిగాడు.

"నీకెందుకురా నిద్ర మందు? ఎద్దు తీరుగ ఉన్నవు."

"ఆ దినం సంది కన్నంటుకుంటలేదు. మా ఇంటిదానికి గూడ చెప్పలే."

వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. ఇంకొకతను గ్లాసు కింద పెట్టి, బాయిలోకి దిగే మొకం దగ్గరికి పోగానే కాళ్లు చల్లబడుతున్నాయన్నాడు. మరొకతను, కూలిన చోటి పక్కనుంచి పోలేక చుట్టు తిరిగి పోతున్నానన్నాడు. మా బాపు తలెత్తి ఒక్కొక్కరినీ చూశాడు. "మీరు గూడనా" అన్నాడు. గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. ఆ రోజునుంచి బంతిచెట్టుకు వట్టి నీళ్లే దక్కాయి.

మర్నాడు జట్టుతో కలిసి సర్దార్ దగ్గరికి వెళ్లి, అందరి ముందూ "నాకు భయమైతాంది అన్నా, కొన్నొద్దులు పైన పనియ్యి" అని అడిగాడట. వెనక నిలబడ్డవాళ్లలో ఒక్కరూ నవ్వలేదట. లోపలికి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించే గదిలో వేశారు. గూట్లోని గోళీలు కూడా దించి వేసుకున్నాడు. వానలు మొదలయ్యాక మంచం ఇంట్లోకి తెచ్చుకున్నాడు. చాలా కాలానికి తానే అడిగి మళ్లీ బాయిలోకి దిగాడు. మళ్లీ దిగినందుకు లైనంతా మెచ్చుకుంది. నాకు మాత్రం సర్దార్ ముందు ఆ మాట అన్నాడే, దానికే గర్వం. ఆ తర్వాత మా లైనులో ఇంకో ఇద్దరు ముగ్గురు అదే మాట అనగలిగారు.

కొంచెం పెద్దదాన్నయ్యాక, అందరూ తాగితేనే ఆ మందు పనిచేస్తుందనడం నిజమేనా అని అవ్వను అడిగాను. "ఆకు సంగతి ఆకుకే తెల్వాలె" అంది. "ఒక్కడు తాగితే రోగమైతది పిల్లా, అందరు తాగితే చాయ్ అయితది."

ఇప్పటికీ నా పెరటి కుండీలో సరస్వతాకు ఉంది. అయితే డాక్టరు మందు మానేసి ఇది తాగమని నేనెవరికీ చెప్పను. మొన్నామధ్య నా మనవరాలికి పరీక్షల దిగులు పట్టుకుని నిద్ర కరువైంది. డాక్టరు గోళీలు రాస్తే, ఎవరన్నా చూస్తారని పుస్తకాల వెనక దాచుకుంది. నా బీపీ గోళీ, షుగర్ గోళీ తెచ్చుకుని దాని పక్కన చతికిలబడ్డాను. "నీది ఒక్కటే, నావి రెండు. గెలిచింది నేనే, పట్టు" అని, మా అవ్వ గంజు కథ చెప్పాను. ఇద్దరం ఒకే చెంబు నీళ్లతో మింగాం.

ఇప్పుడు రోజూ ఆ వేళకు అదే నన్ను కేకేస్తుంది, "అవ్వా, చాయ్ టైమైంది" అని.