పందిపిల్ల ఒక్కపొద్దు

మొన్న తిరుపతిలో ఒక పెళ్లికి పోయినాం. బఫే దగ్గర జనం తోసుకుంటా ఉంటే, మా పాప ఖాళీ ప్లేటు పట్టుకుని గోడకానుకుని నిలబడింది. చూడగానే మా సన్న పందిపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది.

చిన్నప్పుడు పాకాల దగ్గర మా నాయన పందులు మేపేవాడు. హోటళ్లలో మిగిలిన అన్నంలో తవుడు, కుడితి కలిపి ఒక గుండ్రటి తొట్లో పోసేవాడు. ఆ పులిసిన వాసనకే పందులన్నీ కీచుమంటా ఎగబడేవి. ఒక పిల్ల మాత్రం దూరంగా నిలబడి చూసేది. దాని పక్కటెముకలు బయటపడి, ఇంక బతకదేమో అని అమ్మ దిగులుపడేది.

నాకైతే దిగులే లేదు. మా అవ్వ కూడా శనివారం ఒక్కపొద్దుండి, మేం తింటా ఉంటే అట్లే దూరంగా కూర్చునేది.

"నాయనా, అది ఒక్కపొద్దుండాది," అని చెప్పినాను.

నాయన పడీపడీ నవ్వినాడు. "దానికి భక్తి యాడిది మే! పెద్దవి తోసేస్తా ఉండాయి. మేత మంచిదైతే చాలునా, నోటికి అందాల గదా!"

మర్నాడే తాటిమొద్దు తొలిచి పొడుగు తొట్టి చేసినాడు. మేత పాతదే. పందులన్నీ వరసగా నిలబడితే, సన్నది మధ్యలో దూరి మూతి ముంచేసింది. నెల తిరిగేసరికి గుండ్రంగా తేలింది. ఒక్కపొద్దు ఫలించిందని నేను ఊరంతా చెప్పుకున్నాను.

పెళ్లిలో పాప చేతిలోని ప్లేటు తీసుకుని నేనే జనంలో దూరి, అన్నీ పెట్టించుకొచ్చినాను. పాప గబగబా తింటా, "ఎందుకమ్మా నవ్వుతా ఉండావు?" అనింది.

ఏమీ లేదన్నాను. పందిపిల్ల సంగతి చెప్తే అలిగి నిజంగానే ఒక్కపొద్దుంటుంది.